గిట్టుబాటైంది ఆ సగం భోజనమే

లెక్క ముందు చెప్పేస్తాను. ఫ్రాన్స్‌లోని లియాన్‌లో 4 వారాలు. ఉదయం పూట ఫ్రెంచి తరగతులు, వారానికి 20 గంటలు, మొత్తం 960 యూరోలు. బడివాళ్లే కుదిర్చిన ఇంట్లో గది, దానితో పాటు 'దెమీ-పాన్సియోన్', అంటే పొద్దున ఫలహారం, రాత్రి భోజనం. వారానికి 270 చొప్పున 1,080 యూరోలు. ఇవి కాక 'ఫ్రెంచి వంటింటి అనుభవం' అనే ఒక మధ్యాహ్నపు కార్యక్రమానికి 85 యూరోలు. తరగతులకు ఇచ్చిన డబ్బు సరిపోయింది. వంటింటి అనుభవం దండగ. దెమీ-పాన్సియోన్‌కు మాత్రం (నేను దానికి 'సగం భోజనం' అని పేరు పెట్టుకున్నాను) ఇంకో వంద అడిగినా ఇచ్చేదాన్నేమో. ఈ మాట బడివాళ్ల చెవిన పడకూడదు.

బడి పేరు రాయడం లేదు. చెప్పాల్సిన లోపాలు కొన్ని ఉన్నాయి కాబట్టి రాయకపోవడమే మర్యాద.

నా సంగతి కాస్త చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. 28 ఏళ్లు బడిలో తెలుగు వ్యాకరణం చెప్పాను. ఉద్యోగ విరమణ తర్వాత ఫోనులో ఫ్రెంచి మొదలుపెట్టి రెండేళ్లు నడిపాను. ఫోను నన్ను రోజూ మెచ్చుకునేది. లియాన్‌లో రైలు దిగి ఒక కాఫీ అడిగేసరికి ఆ మెప్పు ఎంతపాటిదో తేలిపోయింది. ఇక తిండి: పాలు, గుడ్లు సరే, మాంసమూ చేపా ముట్టను. ఇలాంటి మనిషికి లియాన్‌లో ఏం పని అంటే జవాబు లేదు. రోన్, సోన్ నదులు కలిసే ఆ ఊరు తిండికి పేరుపడ్డ ఊరు. 'బూషాన్' అనే అక్కడి పాతకాలపు భోజనశాలల్లో పంది, పేగులు, కాలేయం లేని పళ్లెం కోసం దుర్భిణి వేసుకుని వెతకాలి. నాకు దొరికిన బడుల్లో పారిస్ కన్నా ఇక్కడ ఖర్చు తక్కువ, అంతే.

దరఖాస్తులో ఆహార నియమాలు రాసే గడి ఉంది. శాకాహారిని అని స్పష్టంగా రాశాను. ఆ ముక్క ఆఫీసు దాటి ఇంటికి చేరేసరికి 'మాంసం తినరు' అయింది. రెండూ ఒకటే కదా అనుకుంటున్నారా? నేనూ అలాగే అనుకునేదాన్ని.

ఇల్లు క్రువా-రూస్ గుట్ట మీద, నాలుగో అంతస్తు. పంటి చక్రం పట్టుకుని ఎక్కే మెట్రో ఉంది ఆ గుట్టకు. ఒకప్పుడు పట్టు నేతగాళ్లు ఉన్న పేట అది. జక్వార్ మగ్గం పట్టాలి కాబట్టి ఇళ్లకు పైకప్పులు దాదాపు నాలుగు మీటర్ల ఎత్తున కట్టారు. చలికాలంలో ఆ ఎత్తు ఎంత అందంగా ఉంటుందో, గది అంత చల్లగా ఉంటుంది. నేను వెళ్లింది అక్టోబరులో, కాబట్టి రెండు దుప్పట్లతో గడిచిపోయింది. ఇంటావిడకు డెబ్బై దాటాయి. ఇక్కడ ఆవిడను మదాం అనే అంటాను.

మొదటి రాత్రి ఎనిమిదింటికి బల్ల మీద గుండ్రని కీష్ పెట్టింది. గుడ్లు, మీగడ పోసి పొయ్యిపెట్టెలో కాల్చిన వంటకం. "మామూలుగా ఇందులో పంది ముక్కలు వేస్తాం. మీ కోసం తీసేశాను," అంది గర్వంగా. మొదటి ముక్క నోట్లో పెట్టుకోగానే తెలిసింది, వాటి బదులు ట్యూనా చేప వేసిందని. ఇది చేప కదండీ అన్నాను. "అవును, చేపే. వియాంద్ కాదు," అంది మదాం. ఆవిడ వెక్కిరించడం లేదు. నా గడిలో ఉన్నది 'వియాంద్' తినదు అనే. వియాంద్ అన్న మాటలో చేప లేదు. మన మాంసాహారం చేపను కూడా కలుపుకుంటుంది, వాళ్ల వియాంద్ దాన్ని బయటే నిలబెడుతుంది. నిఘంటువులో రెండూ ఎదురెదురుగా నిలబడి ఒకటేనన్నట్టు చూస్తాయి. ఇద్దరం నిఘంటువు ముందేసుకుని కూర్చున్నాం. ఆ రాత్రి నేర్చుకున్న వాక్యం ఆ తర్వాత నెలంతా నన్ను పోషించింది: 'జ న మాంజ్ ని వియాంద్ ని పువాసోన్.' మాంసమూ తినను, చేపా తినను. ఆ పూటకు రొట్టె, జున్ను (మన జున్ను కాదు, చీజ్), ఆకుకూర సలాడు, ఒక పియర్ పండు. ఆవిడ ముఖం చిన్నబోయింది, నాదీ అంతే. మర్నాడు ఆఫీసువాళ్లు చాలా బాధపడ్డారు. మూడో వారంలో కొత్తగా వచ్చిన ఒకమ్మాయికి మళ్లీ అదే జరిగింది. బాధపడటం వేరు, కాగితం సరిగ్గా రాయడం వేరు.

తరగతి గురించి న్యాయంగా చెప్పాలి. మాకు చెప్పిన అమ్మాయి మంచి ఉపాధ్యాయిని. ఈ మాట నేను ఊరికే అనను. పాఠం తప్పితే తప్పిందని ఒప్పుకునేది, బోర్డు మీద దస్తూరి కుదురుగా ఉండేది. ఆమె మూడు రోజులు శ్రమపడి చెప్పిన పాఠం ఒకటుంది. రొట్టె తింటున్నాను అనడానికి తెలుగులో రొట్టె చాలు. ఫ్రెంచిలో చాలదు. 'దు పాన్' అనాలి, అంటే లోకంలో ఉన్న రొట్టెలో కొంత. రొట్టె ఇష్టం అనాలంటే 'ల పాన్', అంటే మొత్తం రొట్టె జాతి. వద్దు, లేదు అన్నప్పుడు ఇదంతా కుంచించుకుపోయి 'పా ద పాన్' అవుతుంది. మూడు రోజులూ తల ఊపాను. పరీక్షలో మార్కులు కూడా వచ్చాయి.

అర్థమైంది మాత్రం మదాం బల్ల దగ్గర. రోజూ ప్రధాన వంటకం అయ్యాక జున్ను పళ్లెం వస్తుంది, అది లేకుండా తీపి దాకా వెళ్లడానికి దారి లేదు. కొంచెం జున్ను వేసుకుంటారా అని అడుగుతుంది. నేను 'వీ, ల ఫ్రొమాజ్' అంటాను. ఆవిడ ముఖంలో ఏ కదలికా లేకుండా పళ్లెం మొత్తం, కత్తితో సహా, నా ముందుకు జరిపేస్తుంది. జున్ను అంతా నువ్వే అడిగావు కదా, తిను మరి అన్నట్టు. నాలుగో రాత్రికి నా నోట 'దు ఫ్రొమాజ్' వచ్చింది. పళ్లెం మధ్యలోనే ఆగింది. 28 ఏళ్లు నేను పిల్లలకు బెత్తం లేకుండా వ్యాకరణం చెప్పాననుకున్నాను, ఇంత శుభ్రంగా మాత్రం ఎన్నడూ చెప్పలేదు.

గుట్ట మీద పొడవాటి వీధి వెంట సోమవారం తప్ప రోజూ పొద్దున సంత ఉంటుంది. మంగళవారాలు మదాం నన్ను వెంట తీసుకెళ్లేది, గుడ్లు కొనే పని నాకు అప్పగించేది. ఫ్రెంచిలో గుడ్డు ఒక పరీక్ష. ఏకవచనంలో చివరి 'ఫ్' పలుకుతుంది. బహువచనంలో ఆ 'ఫ్' పోతుంది, దాని వెనుక రాసిన 'స్' కూడా పోతుంది, మిగిలేది ఒక్క అచ్చు. ఆ అచ్చుకు మన లిపిలో గుర్తు లేదు: 'ఏ' అనబోతూ పెదవులు సున్నాలా చుట్టాలి. దానికి ముందు ఆరు అన్న మాట చేర్చితే, అంతవరకు 'సిస్' అని బుసకొట్టిన అంకె కాస్తా 'సీజ్' అయి అచ్చుకు అతుక్కుంటుంది. అచ్చు పక్కన చేరితే మేలుకునే హల్లు! పదో తరగతి పిల్లలకు ద్రుతం గురించి చెప్పేటప్పుడు నేను సరిగ్గా ఇదే మాట అనేదాన్ని. సంధి అర్థమైంది, నోరే తిరగలేదు. నేను 'సిస్ ఎఫ్' అన్నాను. గుడ్ల అతను చెవి ముందుకు వంచాడు. మళ్లీ అన్నాను. నా వెనుక వరుస పెరుగుతోంది. మదాం రెండు అంగళ్ల అవతల పియర్ పండ్లను అతి శ్రద్ధగా పరిశీలిస్తోంది. చివరికి అరచేతి మీద వేలితో 6 అని రాశాను. అతను ఆరు గుడ్లు కాగితంలో చుట్టి ఇస్తూ ఆ మాటను ఒకసారి, నెమ్మదిగా, నా ముఖంలోకి చూస్తూ పలికాడు. తర్వాతి మంగళవారం నేను సరిగ్గా పలికాను. అతను గుడ్లిచ్చి పక్కవాళ్ల వైపు తిరిగాడు. సంధి కుదిరితే ఎవరూ గమనించరు.

అదే సంతలో జున్ను అమ్మేవాడి ప్రశ్న ఒకటి నన్ను తికమకపెట్టింది. అరచేతిలో సగం పట్టే సేన్-మార్సెలాన్ జున్ను చూపించాను. "సే పూర్ కాన్?" అన్నాడు. ఎప్పటికి అని. నా ప్రయాణం గురించి అడుగుతున్నాడనుకుని 29వ తేదీ అన్నాను. అప్పటికి అది తనంతట తానే నడిచి వెళ్లిపోతుందండీ అన్నాడు. అడిగింది తినడం ఎప్పుడని. ఈ రాత్రికి ఒకటి, ఎల్లుండికి ఒకటి అన్నాక అతను చేసిన పని చూడాలి: బొటనవేలి మెత్తతో ఒక్కో జున్ను నడినెత్తిన ఆనీ ఆనకుండా నొక్కుతూ పోయాడు. నాలుగోది లోపలికి దిగింది, అది ఈ రాత్రిది. రెండోది కొంచెం ఎదురుతిరిగింది, అది ఎల్లుండిది. రెండు పొట్లాల మీదా పెన్సిలుతో రోజు పేరు రాశాడు. రాత్రి దాన్ని కోస్తే అంచు నిలబడింది, మధ్య భాగం మీగడలా పళ్లెంలోకి జారింది. రొట్టెతో తుడుచుకుని తిన్నాను. శాకాహారులకు ఒక హెచ్చరిక: కోంతే లాంటి సంప్రదాయ జున్నులకు పాలు విరగడానికి దూడ కడుపు నుంచి తీసిన 'ప్రెజ్యూర్' వాడతారు. నాకు మూడో వారంలో తెలిసింది. తెలిశాక ఏం చేశానో ఇక్కడ చెప్పను.

రెండో శనివారం ధైర్యం చేసి ఒంటరిగా ఒక బూషాన్‌కు వెళ్లాను. గళ్ల బల్లగుడ్డలు, ఇత్తడి గిన్నెలు, మోచేతికి మోచెయ్యి తగిలేంత దగ్గరగా బల్లలు. అక్కడ వంటకాల జాబితాను 'కార్త్' అంటారు. 'మెన్యూ' అంటే నిర్ణీత ధరకు వరుసగా వచ్చే భోజనం, నాది 24 యూరోలు. నా వాక్యం చెప్పాను, మాంసమూ చేపా రెండూ కాదని. వడ్డించే ఆయన కళ్లజోడు నుదుటి మీదికి తోసి, జాబితా మీద వేలు పైనుంచి కిందికి పోనిచ్చి ఒక చోట ఆపాడు: 'సెర్వెల్ ద కాన్యు'.

నాకు ఆ రెండు మాటలూ వచ్చు, అదే వచ్చిన చిక్కు. సెర్వెల్ అంటే మెదడు. కాన్యు అంటే పట్టు నేతగాడు. వద్దన్నాను. ఇది శాకాహారమేనండీ అన్నాడు. నాకు కీష్ గుర్తొచ్చింది. చేప మాంసం కాని దేశంలో మెదడు కూడా మాంసం కాకపోవచ్చు! మర్యాద తెలిసినంతవరకు గట్టిగానే వద్దన్నాను. ఆయన వాదించలేదు. లోపలికి వెళ్లి ఒక గిన్నె, ఒక చెంచా తెచ్చి నా ముందు పెట్టి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. గిన్నెలో తెల్లగా, నీరంతా వడిచిన గట్టి పెరుగు లాంటిది. మెత్తటి తాజా జున్నును చిలికి, సన్నగా తరిగిన చిన్న ఉల్లి, వెల్లుల్లి, ఉల్లికాడల్లాంటి సిబులెత్ ఆకు, ఉప్పు, మిరియాలు, కాస్త వినెగర్, ఆలివ్ నూనె కలిపారు. చల్లగా, పుల్లగా, వెనకాల వెల్లుల్లి ఘాటు. మొత్తం జాబితాలో నేను నిశ్చింతగా తినగల మొదటి వంటకాన్ని, నాకు భాష తెలుసన్న ధీమాతో, రెండుసార్లు తిరగ్గొట్టానన్నమాట.

ఆ పేరు వెనుక నేతగాళ్ల మీద పట్టు వ్యాపారుల వెటకారం ఉందని ఒక మాట ఉంది. ఆ నేతగాళ్లే 1831లోనూ 1834లోనూ తిరగబడి ఊరిని వణికించారు. ఆ గిన్నె అయ్యాక బంగాళదుంపల్ని మీగడలో ఉడికించిన గ్రతాన్ దోఫినువా తెచ్చారు, నిజానికి అది ఎవరి మాంసం పక్కనో పెట్టాల్సింది. చివర గులాబీరంగు చక్కెర పట్టిన బాదం పలుకులతో చేసిన తార్త్. చూపులకు రంగుల డబ్బా ఒలికినట్టుంటుంది, రుచి బాగుంటుంది, సగం చాలు. రొట్టె, కూజాలో మామూలు నీళ్లు ఉచితం. అది దయ కాదు, అక్కడి నియమం. సేవకు రుసుము ధరలోనే కలిసి ఉంటుంది. అయినా ఆ రోజు బల్ల మీద రెండు యూరోలు ఉంచి వచ్చాను, చేతులు కట్టుకుని నిలబడినందుకు.

ఇక 85 యూరోల వంటింటి అనుభవం. పద్నాలుగు మంది, ఒక అద్దె వంటగది, రెండు గంటలు. వంటాయన మమ్మల్ని ఒకసారి కలయజూసి ఇంగ్లీషులోకి దిగిపోయాడు, మళ్లీ ఎక్కలేదు. మాకు ఇబ్బంది ఉండకూడదనట. కూరగాయలు ముందే తరిగి గిన్నెల్లో ఉన్నాయి. వంట మీగడలో కోడి. నా సంగతి ముందే రాసి పంపినా నాకు దక్కింది క్యారెట్లు వడ్డించే పని. ఒక్కొక్కరం గరిటె పట్టుకుని ఫొటో దిగాం. చివర ప్రశంసాపత్రం, అందులో నా పేరు తప్పు. మొత్తం మీద కొత్త క్రియాపదం ఒక్కటి రాలేదు. ఆయన చెప్పిన కథలన్నీ లియాన్‌లో పేరుమోసిన వంటవాడు పాల్ బొక్యూజ్ గురించి. రాత్రి ఆ మాట చెబితే మదాం గరిటె దించి మరీ అంది: బొక్యూజ్ ఎవరి వంటింట్లో పని నేర్చుకున్నాడో అడగలేకపోయారా? యుజెనీ బ్రాజియే దగ్గర. 1933లో రెండు భోజనశాలలకూ మూడేసి మిషెలిన్ నక్షత్రాలు (భోజనశాలకు దక్కే అన్నిటికన్నా పెద్ద గుర్తింపు) తెచ్చుకున్న ఆడమనిషి. 'మేర్', అంటే అమ్మలు అని పిలిచే అలాంటి వంటగత్తెలే ఈ ఊరి తిండికి పేరు తెచ్చారని ఆవిడ వాదన. ఆ వాదన పూర్తయ్యేసరికి ఉల్లిపాయలు మాడాయి.

క్రియలు కావాలంటే మదాం పొయ్యి దగ్గర నిలబడాలి. ఉల్లిపాయల్ని నూనెలో వేయించడాన్ని ఫ్రెంచిలో 'తిరిగి రప్పించడం' అంటారు. ఎక్కడికి వెళ్లాయని రప్పించడం అని అడిగితే మదాంకూ తెలియదు. రంగు రాకుండా మూతపెట్టి మగ్గించడం 'చెమట పట్టించడం'. సలాడు ఆకుల్ని పులుసుతో బాగా కలపడం 'సలాడును అలసటపెట్టడం'. ఆ పులుసుకు వినెగర్ ఒక వంతు, నూనె మూడు వంతులు. ఉప్పు మాత్రం వినెగర్‌లోనే ముందు కరగాలి, నూనె పడ్డాక వేస్తే కరగదు, పంటి కింద ఇసుకలా తగులుతుంది. అలసిపోయిన ఆకును పళ్లెంలో కత్తితో కోయకూడదు, ఫోర్కుతో మడిచి తినాలి. బ్రీ జున్ను ముక్కకు కొస కోసుకోకూడదు, అందరికీ దక్కాల్సిన మెత్తన అంతా అక్కడే ఉంటుంది. ఇవన్నీ మా తరగతిలో ఒక కాగితం మీద అచ్చేసి ఇచ్చారు. 2010లో యునెస్కో ఫ్రెంచివాళ్ల భోజన సంప్రదాయాన్ని తన జాబితాలో చేర్చిన సంగతి కూడా పైన రాశారు. ఆ కాగితం ఎక్కడో పోయింది. బ్రీ కొస కోసినప్పుడు మదాం దగ్గిన దగ్గు మాత్రం ఇంకా వినిపిస్తోంది.

ఆఖరి వారంలో ఆవిడ ఇక 'వూ' వద్దు, 'త్యూ' అనుకుందాం అంది. మీరు నుంచి నువ్వులోకి. ఆవిడ దిగింది, నేను దిగలేకపోయాను. పెద్దావిడను నువ్వు అనడానికి నా నోరు రాదు. ఆవిడ నన్ను నువ్వు అనడం, నేను ఆవిడను మీరు అనడం నాకు హాయిగానే ఉంది. ఆవిడకే ఎబ్బెట్టు, నన్ను పనిమనిషిని చేసినట్టుందట. ఈ ఒక్క విషయంలో రాజీ కుదరలేదు.

సగం భోజనంలోనూ లోపాలున్నాయి. మధ్యాహ్నం తిండి మనదే, వంటగదిలో సొంతంగా వండుకోనివ్వరు. బట్టలు వారానికి ఒక్కసారే ఉతుకుతారు. ఆదివారం రాత్రి సూపు, రొట్టె తప్ప ఏమీ ఉండదు. అన్నిటికన్నా పెద్దది, ఇల్లు మన అదృష్టం. మా తరగతిలో ఒకతనికి దొరికిన ఇంట్లో రోజూ పెట్టెలోంచి తీసిన పిజ్జా వేడిచేసి ఇచ్చి, వాళ్లు టీవీ ముందుకు వెళ్లిపోయేవారట. అతనూ 270 యూరోలే కట్టాడు. కాబట్టి డబ్బు కట్టే ముందు బడివాళ్లను ఒక్క ప్రశ్న అడగండి: ఇంటివాళ్లు మాతో కలిసి బల్ల దగ్గర కూర్చుని తింటారా? సూటిగా జవాబు రాకపోతే ఇంకో ఇల్లు చూపించమనండి. ఆహారం గడిలో ఏమేం తినరో ఒక్కొక్కటీ పేరుపేరునా రాయండి. వంటింటి అనుభవం గడి ఖాళీగా వదిలేయండి, ఆ 85 యూరోలతో సంతలో నెలంతా జున్ను వస్తుంది.

నేను మళ్లీ వెళితే తరగతులు రెండు వారాలకు తగ్గించుకుని ఆ ఇంట్లోనే నాలుగు వారాలూ ఉంటాను. మదాం గది నవంబరు నుంచి మార్చి వరకు ఖాళీ ఉంటుందట. వేసవిలో మనవలు వస్తారు. చలికి మూడో దుప్పటి ఇస్తానంది.